ఈదొద్దు

బేసియో దీవిలో, నావిక శిక్షణాలయం వెనక,
చేపల కంపెనీ నుంచి తెచ్చిన రెండు బస్తాల ఐసు
నీలం డ్రమ్ములో కుమ్మరించాడు బరనికో సారు.

మాలో ఎవరమూ చలిని చూడలేదు.
ఇక్కడి నీళ్లు ఒంటికి పాత చొక్కా లాంటివి.
నడక కన్నా ముందు ఈత వచ్చినవాళ్లం.
"మాకా నీళ్ల పాఠం?" అని
వెనక వరసలో తెబావు నవ్వాడు.

"చెయ్యి ముంచు. చెప్పేదాకా తియ్యకు.
తీశాక ఈ తాడుకి ముడి వెయ్యి."

వాళ్ల తాత దగ్గర నేర్చిన ముడే,
చీకట్లో కూడా వెయ్యగలడు.
తెబావు వేళ్లు ఎవరివో అయిపోయాయి.
తాడు జారింది.
మళ్లీ జారింది.
ఈసారి ఎవరమూ నవ్వలేదు.

"ఉత్తర సముద్రంలో పడితే ఇంతే.
వేసిన ప్రతి బారా
ఒంట్లో వేడిని తోడి పారబోస్తుంది.
ఈదొద్దు. మోకాళ్లు గుండెకు లాక్కో.
పక్కవాడు దొరికితే వాటేసుకో,
ఏ దీవివాడని అడక్కు."

మధ్యాహ్నం లగూన్‌లో దూకాం,
నారింజరంగు జాకెట్లలో పద్నాలుగు మందిమి,
గోరువెచ్చటి నీళ్లలో
లేని చలికి ముడుచుకుని.

ఎంత కష్టం, చేతులు ఊరికే ఉంచడం!
కాళ్లు వాటంతటవే తన్నుకుంటాయి.
పాటు తీసిన ఇసకలో ఆల్చిప్పలు ఏరుతున్న మా పెద్దమ్మ
నడుం ఎత్తి కేకేసింది:
"తెరేసియా, ఏమైందే, ఈత మర్చిపోయావా?"

విజిల్ ఊదేదాకా నోరు విప్పకూడదు.

మర్చిపోవడానికే వచ్చాను పెద్దమ్మా.
నూట పన్నెండు. నూట పదమూడు.
తెబావు భుజం తగిలింది, ఆ మంచుచెయ్యి వైపు.
పట్టుకున్నాను.