గెయిన్

చీమకుర్తి క్వారీలో ఇరవయ్యేళ్లు
కంప్రెసర్ పట్టిన మాల్యాద్రి
పాత బొలేరో తెచ్చి ఒంగోల్లో నా కొట్టు ముందు ఆపాడు.
"సౌండు పెంచు జిలానీ, ఎంతైనా కానీ."

డెక్కు విప్పి చూశాను. వెనక నుంచి వచ్చేది రెండు వోల్టులే.
సీటు కింద ఆంప్లిఫయర్‌కి
ఎవరో గెయిన్ చివరికంటా తిప్పేశారు.
చిన్న గొంతువాడి చేత అరిపిస్తే
మాట పోయి బొంగురు మిగులుతుంది.

"ముందు తగ్గించాలి" అన్నాను.
నమ్మలేదు. టీ తాగొస్తానని కర్నూలు రోడ్డు దాటాడు.

నాలుగు వోల్టుల డెక్కు పెట్టాను.
వాల్యూమ్ ముప్పాతిక దగ్గర ఆపి
గెయిన్ స్క్రూని, కూరలో ఉప్పు వేసినట్టు,
కొంచెం. ఇంకొంచెం.
పాట పగిలే చోటికి ఇవతలే ఆగాను.

డప్పు డప్పులా మోగింది.
పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది.

మాల్యాద్రి ఎక్కి కూర్చున్నాడు, తల ఊపాడు.
పాటకీ పాటకీ మధ్య మాత్రం
"ఆ కూత పోలేదబ్బాయ్" అన్నాడు.

ఆల్టర్నేటర్ గోల అనుకున్నాను.
ఎర్త్ విప్పి, రంగు గీకి, ఉత్త ఇనుము మీద బిగించాను.
సిగ్నల్ వైరుని కరెంటు వైరుకి దూరంగా
అటు పక్క నుంచి లాగాను.
"ఇంకా వస్తంది."
ఇంజిన్ ఆపాను. బ్యాటరీ వైరే ఊడదీశాను.
ఆ క్షణాన రోడ్డు మీద ఒక్క లారీ కూడా లేదు.

"ఇప్పుడో?"
"ఉంది. సన్నంగా. రాయి కోస్తన్నట్టు."

స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది.
కాసేపటికి వైరు తగిలించి
పాట మళ్లీ పెట్టాను.

"ఆ," అన్నాడు, "ఇప్పుడు పోయింది."