పిప్పి

ఐదోసారికి పాసయ్యాను.
తప్పిన నాలుగుసార్లూ
"రోడ్డు ఎక్కడికీ పారిపోదులే" అన్న
డ్రైవింగు మాస్టారు దొనాతోకి
ఏమిస్తే బావుంటుందని అడిగితే
ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: సీసా.

బెడ్‌ఫర్డ్‌లో శనివారం, సన్న తుంపర.
మిడ్‌లాండ్ రోడ్డు మీద ఇటలీ సరుకుల కొట్లో
వేలాడే మాంసపు చుట్టల కింద తల వంచి
మందు సీసాల ముందు నిలబడ్డాను,
తప్పు క్లాసులో కూర్చున్న పిల్లలా.

మా నాన్న ఎక్సైజు హెడ్ కానిస్టేబులు, రేపల్లెలో.
లంకల్లో ఇసుక పొడిచి పొడిచి
లాఠీ కొసకి కుండ తగిలితే
లంకెబిందెలు దొరికినంత సంబరం ఆయనకి.
ఆ చొక్కాని అమ్మ రెండువేళ్ళతో పట్టుకెళ్ళి
పెరట్లో విడిగా నానేసేది.
బెల్లం ఊట, తుమ్మచెక్క, కాలిన కట్టె.
సారా గురించి నా చదువంతా
ఆ చొక్కాయే.

కొట్టావిడ ఫిలోమేనా
కళ్ళజోడు నెత్తిమీదకి తోసింది.
ఎవరికి? ఏం వయసు?
భోజనానికి ముందు తాగే మనిషా, తర్వాతా?
వాళ్ళది ఉత్తరమా, దక్షిణమా?
సంబంధం చూస్తున్నట్టే అడిగింది,
గోత్రం ఒక్కటే వదిలేసి.

నాకు తెలిసింది చెప్పాను.
డెబ్భై దాటాయి.
క్లచ్ మీద నా కాలు వణికితే
కిటికీలోంచి బయటికి చూస్తాడు,
నా పరువు నాకు వదిలేసి.
తన వైపున్న రెండో బ్రేకు
ఏడు నెలల్లో మూడుసార్లే తొక్కాడు,
అందులో రెండు పిల్లి కోసం.

నిమ్మపండు పసుపు సీసా తీసి
తనే తల అడ్డంగా ఊపింది, ఇది పిల్లచేష్ట అని.
నల్లటిది తీసి మూత వాసన చూపించింది.
వేళ్ళూ బెరళ్ళూ ముప్పై రకాలట.
అమ్మో, నేలవేము కషాయం!
మా ఇంట్లో ఇది
జ్వరమొస్తేనే, ముక్కు మూసి పోసేది.
ఇదెవరైనా బహుమతిగా ఇస్తారా అన్నాను.
పండగ పూట తాగుతాం అంది, కాస్త నొచ్చుకుని.

మూడోది వట్టి నీళ్ళలా ఉంది.
గ్రాప్పా.
పళ్ళు తొక్కి, రసం దొరగారు పట్టుకుపోయాక
మిగిలిన తొక్కా గింజా కాచి దింపింది, అంది.
నా నోట్లోంచి తెలుగు జారింది:
పిప్పి.

పీల్చి పిప్పి చేశారంటాం మనం.
అక్కడితో మన వాక్యం అయిపోతుంది.
వీళ్ళు అక్కడ పొయ్యి వెలిగించారు.

ఎర్రలైటు దగ్గర ఓసారి దొనాతో చెప్పాడు:
వాళ్ళ నాన్న ఇటుక బట్టీల్లో
ఇరవై రెండేళ్ళు చేశాడని.
దిండు గలీబు కూడా ఎర్రగానే ఉండేదని.
పొగగొట్టాలు కూల్చేశారు.
"అదుగో, అక్కడ" అని ఖాళీ ఆకాశం చూపించాడు.
నేను అటు చూసి గేరు తప్పాను.

"సీసా వంకర్లకి డబ్బు తగలెయ్యకు" అని ఫిలోమేనా
సాదాగా ఉన్నదే చేతిలో పెట్టింది.
ముప్పై ఎనిమిది పౌండ్లు.
రూపాయల్లోకి మార్చుకోవడం మానేసి ఏళ్ళయింది,
ఇవాళ మార్చాను.
నాన్నే ఉంటే అగ్గిపుల్ల అడిగేవాడు,
నీలంగా మండితేనే అసలు సరుకని.
అడిగి, ఆ తర్వాత
ఎవరి కోసమో కూడా అడిగేవాడు.
అదే కష్టం.

తొలిసారి ఒంటరిగా కారు తీశాను.
సీసాని ఎడమ సీట్లో కూర్చోబెట్టి
బెల్టు పెట్టాను.
ఊజ్ నది వంతెన దిగితే రౌండెబౌట్.
కుడివైపు చూశాను. మళ్ళీ చూశాను.
ఖాళీ. వెళ్ళొచ్చు.
వెనక వ్యాను హారన్ కొట్టింది.
క్లచ్ మీద కాలు వణికింది.

సీసా
కిటికీలోంచి బయటికి చూస్తోంది.