కొసరు

శాసనమిచ్చిన రాజు పేరు ఎవరికీ గుర్తులేదు.
మంగళవారం సంత మాత్రం
ఏడొందల ఏళ్లుగా తప్పలేదు.

వెన్నమ్మే ఆడవాళ్లు కూర్చుని కూర్చుని
గుంటలు పడ్డ రాతిమెట్ల మీద
ఇప్పుడు వాన కూర్చుంటోంది.
గొడ్ల వేలందొడ్డి కార్ల పాలైంది.
ఎండ కాస్తే తారు కిందనుంచి పేడవాసన.

టౌన్‌హాల్ మెట్ల కింద
గొలుసేసి కట్టిన ఇత్తడి కుంచం.
కరువేట దాని అడుగు లోపలికి నొక్కించి
గోధుమలు కొలిచాడు ఒబద్యా క్రిక్.
చిల్లర తగ్గితే నేటికీ "క్రిక్ కొలత" అంటారు,
అతని వంశంలో మిగిలిన ఎనిడ్ వినకుండా.

ఎనిడ్ ప్లమ్ పళ్లు తూస్తుంది.
ముల్లు నిలిచాక
అడక్కుండానే ఇంకో మూడు పడేస్తుంది.

ముసలి థ్రస్సెల్ ఒకటి కొరికి
"ఫర్లేదు" అన్నాడు.
ఈ ఊళ్లో అంతకుమించిన పొగడ్త లేదు.
ఆమె చెవులు ఎర్రబడ్డాయి.