రెండు మిల్లీమీటర్లు

యశవంతపురంలో మార్కెట్ దాటి నాలుగు మెట్లు దిగితే
నా కౌంటరు. ఆధార్ సవరణలు ఇక్కడ చేయబడును.
రోజుకి అరవై మందికి చెబుతాను
కన్నడంలో, తెలుగులో, తమిళంలో, వచ్చినంత హిందీలో:
కళ్ళు పెద్దవి చెయ్యండి. రెప్ప వెయ్యకండి.
ఇంకొంచెం. ఇంకొంచెం. అయిపోయింది.

నా ఎడమ రెప్పకి మాత్రం
ఏ భాషా అర్థం కావడం లేదు,
ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు.

చేయించుకోమని ఎవరూ అనలేదు.
రోజూ అందరూ అడిగింది ఒకటే:
"ఏం మేడమ్, రాత్రి నిద్ర లేదా?"
ఎనిమిది గంటలు పడుకుని లేచొచ్చినదాన్ని
ఎన్నాళ్ళని జవాబు చెప్పుకోను?
రెప్పల మీద మడతపడి వాలిన తోలు మా నాన్న వైపు ఆస్తి.
పొలం తమ్ముళ్ళకి పోయింది, ఇది నాకు వచ్చింది.
చీటీ పాడి ఎత్తిన డబ్బు
రెండు కళ్ళ మీద రెండు సన్నటి గీతలకి కట్టాను.
ఇంట్లో మాత్రం కంట్లో పొర అన్నాను.

ఇప్పుడు కుడి కన్ను పొద్దున్నే తెరిచిన కొట్టు.
ఎడమది సగం దించిన షట్టరు.

డాక్టర్ ముత్తణ్ణ టార్చి వేశాడు.
నల్లగుడ్డులో మెరిసే చుక్క నుంచి రెప్ప అంచు దాకా
చిన్న స్కేలు ఆనించి
బంగారం తూచేవాడిలా ఊపిరి బిగబట్టి
"రెండు మిల్లీమీటర్లు తక్కువ" అన్నాడు.
"ఎత్తేయండి" అన్నాను. "ఈ వారమే."

ఎత్తాడు. బొటనవేలితో.
ఎడమ రెప్ప లేచింది.
అద్దంలో నేను చూస్తుండగానే
కుడి రెప్ప కిందికి జారింది.

"చూశారా? రెంటికీ ఒకటే తీగ.
దీని బరువు కూడా అదే లాగుతోంది పాపం.
లోపల వాపుంది. కండరం అలిగి ఉండొచ్చు.
ఇప్పుడే బిగిస్తే, వాపు దిగాక
రెప్ప పైనే నిలబడిపోతుంది,
నిద్రలో కూడా కన్ను మూతపడదు.
మూడు నెలలు చూద్దాం. అవసరమైతే ఆరు."

"మరి లోపల తెగి ఉంటే?"

"అసలే లేవకపోయి ఉంటే ఆ వారమే తెరిచేవాణ్ణి.
మీది వస్తోందమ్మా. ఆలస్యంగా వస్తోంది."

మెజెస్టిక్ నుంచి వచ్చే నా బస్సు గురించీ
ఇరవై ఏళ్ళుగా ఇదే మాట వింటున్నాను.

ప్రతి ఆదివారం అదే గోడ, అదే లైటు, ఒక ఫోటో.
చీటీ పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను:
ఆరో వారం. పొద్దున మేలు, సాయంత్రం అంతే.
ఏడు. నుదురు నొప్పి.
ఎనిమిది. తెలియదు.

చూపు అందక గడ్డం పైకెత్తి మాట్లాడుతున్నానట.
పక్క కౌంటరు ఫర్హీన్ నవ్వుతూ చెప్పింది,
"జనం నీకు పొగరంటున్నారు."
ఇన్నేళ్ళూ నిద్రమొహం అన్నారు.
పొగరు ఎంతో నయం.

పదకొండో వారం. వాన.
దొడ్డబళ్ళాపురం మగ్గాల నుంచి
చౌడమ్మ అనే ఆవిడ గొడుగు ముడుస్తూ దిగింది.
రెండు రెప్పలూ వాలి, కళ్ళు చీలికలు.
మిషను మూడుసార్లు కాదంది.
"పుట్టుకతోనా అవ్వా?"
"పోగులు చూసీ చూసీ."

కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆమె రెప్ప ఎత్తి పట్టుకున్నాను.
ఉల్లిపొరంత పలచన. వెచ్చన.
అంత చిన్నదానికి అంత బరువెక్కడిదో.
మిషను కీచుమంది. పచ్చ లైటు.

చీలికల్లోంచే నన్ను చూసింది చాలాసేపు.
నిద్ర సంగతి అడగలేదు.
"నీదీ ఎవరో ఒకరు ఎత్తాలి కదమ్మా" అంది.
"ఎత్తుతారవ్వా. గడువుంది."
"ఎన్నాళ్ళు?"
"చూడాలి."

రాత్రి రాశాను. పదకొండు. ఒకటిన్నర.
కొట్టేసి, రెండు.
పాప జామెట్రీ పెట్టెలోని స్కేలు ఇది,
అంచు అరిగిపోయింది, నమ్మలేను.
వచ్చే గురువారం ఆయనే కొలుస్తాడు.

లైటు ఆర్పాను.
మూసుకోడానికి మాత్రం
రెండూ ఒకేసారి వచ్చాయి.