పన్నెండో మెషీన్

పెరంబూరు బారక్స్ రోడ్డులో
నేతి మిఠాయి దుకాణం మీద ల్యాబు.
తెల్లారి ఆరున్నరకే ఫోను:
"హేమావతీ, అన్నీ నీలమైపోయినై."
ఇరవైతొమ్మిది సి దిగి మెట్లెక్కేసరికి
పరగడుపు మనుషులు నలభైమంది.
కింద పాకం కాగే వాసనకి
ఒక్కొక్కరూ గుటక మింగడం వినపడుతోంది.

పంతొమ్మిది తెరలు.
వెలుగుతాయి,
ఏదో గుర్తుతెచ్చుకుంటున్నట్టు చుక్కలు తిప్పుతాయి,
నీలంగా పడిపోతాయి,
మళ్ళీ లేస్తాయి.
నూతిలో పడ్డవాడు పైకొచ్చి పైకొచ్చి మునిగినట్టు.

రాత్రి రెండున్నరకి ఎవరూ చూడనప్పుడు
వైరస్‌ని పట్టే సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ వచ్చింది.
అంటే, దొంగల కొత్త జాబితా.
అది పట్టుకుని ఇల్లంతా గాలించి
ఏ దొంగా దొరక్క
ఇంటి దూలాన్ని పట్టుకుంది.
నువ్వెవరు, అంది.
దూలం ఏం చెబుతుంది?
కట్టిన రోజునుంచీ మోస్తూనే ఉంది,
ఎవరూ పేరడగలేదు.
దాన్ని పెరికి, చీకటి కొట్టులో పెట్టి, తాళం వేసింది.
కప్పు కూలింది.
ఆ చప్పుడుకి ఉలిక్కిపడి
ఇంకా జాగ్రత్తగా కాపలా కాసింది.

మేనేజరు తణికాచలం అరవంలో సామెత చెప్పాడు,
తనే కనిపెట్టినట్టు.
మాకూ ఉంది సార్, కంచే చేను మేయడం, అన్నాను.
అన్నానుగానీ ఒప్పుకోలేదు.
మేసిన కంచెకి కడుపైనా నిండుతుంది.
ఇది ఆకలితో చేసిన పని కాదు.
చెప్పింది చెప్పినట్టు చేసింది, అంతే.

గజపతి బీరువా వెనకనుంచి నిరుటి డైరీ లాగి
టోకెన్లు చేత్తో రాస్తున్నాడు.
సున్నా మీద సున్నా పెట్టి ఎనిమిది రాస్తాడని
ఇన్నేళ్ళకి ఇవాళ తెలిసింది అందరికీ.

నేను బల్లల కింద దూరుతున్నాను.
ఏడో మెషీన్ పక్కన కుర్చీలో ఒకావిడ,
వేళ్ళు అల్లం కొమ్ముల్లా.
"ఏమైందమ్మా దీనికి?"
చూళై తెలుగు. మా అమ్మమ్మ తెలుగు.
"కాపలాకి పెట్టినవాడు
ఇంట్లోవాళ్ళనే దొంగలనుకున్నాడు, అవ్వా."
ఆమె చేతులు ఒళ్ళో తిరగేసి చూసుకుంది.
"ఈ కీళ్ళకి కూడా డాక్టరు ఇదే కత చెప్పినాడే!
అయితే ఏం చేస్తావు?"
"కాపలావాణ్ణి నిద్రపుచ్చి
పట్టుకున్నవాళ్ళని విడిపిస్తా."
"నాకూ అదే ఇస్తుండారు.
వారానికి ఒక్క దినం, శనివారం."
కాసేపాగి, తెరతో అన్నట్టు:
"వాడు నిద్రపోయినప్పుడు
నిజం దొంగొస్తే?"

పెన్‌డ్రైవ్ తలకిందులుగా గుచ్చాను.
మొదటిసారి ఎప్పుడూ తలకిందులే.
తిప్పి గుచ్చాను.
సేఫ్ మోడ్. తెర నాలుగు మూలలా
ఆ మాటే రాసుకుంటుంది,
ఎవరినో నమ్మించాలన్నట్టు.

కొట్టు తాళం తీశాను.
దూలం అలాగే ఉంది, ఒక్క అక్షరం చెదరలేదు.
అలా పడుకోబెట్టి ఉంచారంతే,
తప్పేమిటో చెప్పకుండా.

పదకొండుకి పదకొండు లేచాయి.
"డెబ్బై ఎనిమిది, ఆండాళమ్మ!" పిలిచాడు గజపతి.
ఆమె వెళ్ళింది. మోచేతి వంపులో దూది అదిమిపట్టుకుని
తిరిగొచ్చింది.
రిపోర్టు ఎప్పుడని ఎవర్నీ అడగలేదు.
సంచిలోంచి నీళ్ళ సీసా తీసి
కీబోర్డు పక్కన పెట్టి ఊరుకుంది.

పన్నెండో మెషీన్ అడుగుతోంది:
కాపలా మళ్ళీ మొదలుపెట్టనా?
అవును. కాదు.
రెండు బటన్లు. ఒకటి మినుకుమంటోంది.

ముందు సీసా మూత తిప్పాను.
గట్టిగానే ఉంది.