పరీక్ష చీటీ

పట్నంబజారులో మా కొట్టుకి బోర్డు లేదు.
బంగారానికి గీటురాయి, రాళ్ళకి భూతద్దం,
మనుషులకి ఒక ప్లాస్టిక్ కుర్చీ.

తొలకరి పడిన మూడోరోజు
బెల్లంకొండ వైపు నుంచి వచ్చాడు చింతిరాల ఏసోబు.
తువ్వాలు విప్పితే సంచి, సంచి విప్పితే పేపరు,
పేపరులో
మాడిన బెల్లం అచ్చులాంటి రాయి.
అరకిలోకి యాభై గ్రాములు తక్కువ.

"ఆకాశం నుంచి పడిందమ్మా, పత్తిచేలో.
లోపల వజ్రం ఉంటదంట.
మామూలుది కాదు, వజ్రాన్ని కోసే వజ్రం.
మా మేనల్లుడు ఫోన్లో చూశాడు,
నూటికి యాభై ఎనిమిది పాళ్ళు ఎక్కువ గట్టంట."

ఆ లెక్క నాకూ తెలుసు.
ఏ రాయినీ గీయకుండా, ఏ అంచూ అరగకుండా
ఒక్క లోపమైనా లేని స్ఫటికాన్ని ఊహించి
కంప్యూటర్లో కట్టిన లెక్క.
ఊహించామనే రాశారు వాళ్ళు.
ఆ మాటే
నరసరావుపేట బస్సులో మర్చిపోయిన గొడుగులా
దారిలో ఎక్కడో దిగబడిపోయింది.

నిజంగా దొరికే రేణువులు
కారం నలుసుకంటే చిన్నవి.
ఉల్క నేలని గుద్దిన క్షణంలో
పెన్సిల్ ముల్లులో ఉండే నలుపే
పారిపోయే వ్యవధి లేక వజ్రమైంది,
తాపీమేస్త్రి లేని గోడలా, వరస తప్పి.
అది వేరే ఖనిజమని కొందరు.
వరస తప్పిన పాత వజ్రమేనని కొందరు.
కాదు, మళ్ళీ చూడండని ఇంకొందరు.
పేరు పెట్టి యాభై ఏళ్ళు దాటినా
పేరు మీదే పేచీ.

ఇదంతా ఏసోబుకి చెప్పలేదు.
దారానికి కట్టిన అయస్కాంతం చూపించాను.
అది రాయి వైపు వాలింది.
"చూశారా!" అన్నాడు, కుర్చీలోంచి లేచి.
ఉల్కైనా, విరిగిన గునపమైనా
ఇనుముంటే వాలుతుందయ్యా, అన్నాను.
విరిగిన మూల భూతద్దం కింద పెట్టాను.
బుడగలు.
ఒకటి కాదు, అట్టు మీద ఉన్నన్ని.
ఎవరో ఎప్పుడో ఇనుము కరిగించి
పారబోసిన చిట్టెం.

చాలాసేపు ఫ్యానే మాట్లాడింది.

"మీరు చూశారా అమ్మా, ఆ ఆకాశం వజ్రాన్ని?"
లేదు.
"మావాడూ చూళ్ళా, మీరూ చూళ్ళా.
మరి అది ఉందని మీరెట్టా చెబుతున్నారు,
ఇది కాదని ఎట్టా చెబుతున్నారు?"

పక్క గోడౌన్లో మిరప బస్తా దులిపారు కాబోలు,
దగ్గు వచ్చింది. దగ్గుతూ ఆలోచించాను.
కొల్లూరు గుర్తొచ్చింది.
ఎన్ని కిరీటాల మీద రాళ్ళు
అక్కడివేనని చెప్పుకుంటారో.
ఆ గుంటల మీద ఇప్పుడు పులిచింతల నీళ్ళు.
ఏ రాయి ఏ గుంటదో ఎవరి దగ్గరా చీటీ లేదు,
నీళ్ళు సాక్ష్యం చెప్పవు.

"వాళ్ళు ఎట్టా చూశారో రాశారు," అన్నాను చివరికి,
"తప్పయితే పట్టుకునే దారి కూడా రాశారు.
మీవాడు చూసినదాంట్లో ఏం రాశారు?"
"పదిమందికీ పంపమని."
నవ్వాడు. నేనూ నవ్వాను.
జవాబు సరిపోయిందని మాత్రం అనుకోను.

"తెలుగులో రాసియ్యండి.
పదకొండుమందిమి వాటాలేసుకున్నాం,
చదివి వినిపించాలి."

రాశాను:
వజ్రం కాదు. ఇనుప చిట్టెం అని నా అభిప్రాయం.
చూసినవి: బరువు, అయస్కాంతం, విరిగిన మూల.
కలం ఆగింది.
ఇక్కడే ఆపేస్తే ఊళ్ళో గొడవ తీరుతుంది.
అయినా రాశాను:
రాయిని కోసి చూడలేదు.

రెండొందలు ఇవ్వబోతే వంద తీసుకున్నాను.

మెట్ల మీద నిలబడి
అతను చీటీ కూడబలుక్కుంటుంటే కిటికీలోంచి చూశాను.
వేలు మొదటి వరస దాటింది, రెండోది దాటింది,
చివరి వరస మీద ఆగింది.
అక్కడే ఉండిపోయింది.

తర్వాత రాయిని
తెచ్చినప్పటికంటే భద్రంగా
తువ్వాల్లో చుట్టుకున్నాడు.