చెక్కకే రేటు

అటక మీంచి ఒక్కోటే దించుతున్నాను.
కింద జయంతమ్మ కొంగు ముక్కుకు కట్టుకొని
అందుకుంటోంది, దుమ్మును, కొండను, మళ్ళీ దుమ్మును.

మిట్టూరులో ఈ ఇల్లు ఖాళీ చేయాల.
కొత్తింటికి అటక లేదు.
ఆ మాట విన్నప్పుడు నాకు అద్దె గుర్తు రాలేదు,
మొగిలి ఘాటు గుర్తొచ్చింది.

ఇరవై ఆరేళ్ళు చిత్తూరు, పలమనేరు మధ్య టికెట్లు కొట్టినవాణ్ణి.
ఘాటెక్కేటప్పుడు బస్సు మూలుగుతుంది,
చిల్లర అడిగేవాళ్ళు కూడా నోరు మూస్తారు.
ఆ పది నిమిషాలే నాకు కొండ.
డ్యూటీ దిగి, నీళ్ళు పోసుకొని, ఆ పది నిమిషాల్ని
రాత్రి పదకొండు దాకా గుడ్డ మీద పూసేవాణ్ణి.
నేర్పినవాళ్ళు లేరు. చూస్తే తెలుస్తుంది.

లెక్కపెట్టాం. అరవై మూడు.
అందులో నలభై ఒకటి అదే మలుపు.
అదే ఎందుకంటే ఏం చెప్పేది?
నలభై సార్లు రాలేదు కాబట్టి.
నలభై ఒకటోదీ రాలేదు.

ఇచ్చినవి లేకపోలేదు.
బావమరిది చెంగల్రాయులు పెళ్ళికి ఒకటిచ్చాను,
ఆర్నెల్లకు వాళ్ళ కోళ్ళగూటికి తలుపై కనబడింది.
బాగానే బిగించాడు, ఒక్క మేకు వంకరపోలేదు.
డిపో రెస్ట్ రూములో పగిలిన కిటికీకి ఒకటి అడ్డం పెట్టారు,
బయటి కొండ కనబడకుండా నా కొండ.
చేతిలో డబ్బాడని నెలల్లో పాతదాని మీదే
తెల్ల ఎనామిల్ కొట్టి కొత్తది వేశాను.
ఒకదాని మీద అట్లా ఐదు పొరలు.

వెనక్కి తిప్పితే అన్నిటికీ పెన్సిల్ రాతలు:
ఏడో తేదీ. రెండో ట్రిప్పు. చిల్లర గొడవ.
సీతాఫలాల గంప ముసలామె, బంగారుపాళ్యంలో దిగకుండా నిద్రపోయింది.
వాన. వైపర్ ఆడలేదు. గోవిందసామి తల బయటపెట్టి నడిపినాడు.
ఒకదాని వెనక ఉత్త నాన్న అని ఉంది.
ముందుకు తిప్పి చూస్తే, కొండే.

జయంతమ్మ నేల మీద కూర్చొని
వెనకలన్నీ చదివింది. ముందులు గోడవైపు.
"ఇవి మొదలే చూపించింటే కదా," అనింది.

మస్తాన్ తోపుడుబండి తెచ్చాడు.
కాటా మీద రెండు కొండలు పెట్టి, తీసేసి,
"చెక్కకే రేటు సార్. గుడ్డకు రాదు.
రంగు బరువు తరుగు పోవాల."
ఎంత తరుగని అడిగాను, బేరానికి కాదు,
తెలుసుకోవాలనిపించింది.
ఐదు పొరలదాన్ని చేత్తో ఎగరేసి చూసి
"దీనికి ముప్పావు కిలో" అన్నాడు.
ఇన్నేళ్ళలో నా రంగును తూచిన మనిషి అతనొక్కడే.

దాని మూల పెచ్చు లేచివుంది. గోటితో గీకితే
లోపల పసుపు.
ఇంత పసుపు నేనెప్పుడు వేశాను?
ఆ ముసలామె చీరా? ఎవరింటి గోడా?
ఎంత సేపు నిలబడినా రాలేదు.
దాన్ని మాత్రం పక్కన పెట్టేశాను.

చట్రాలకు నాలుగువందల ఇరవై.
గుడ్డలు చీల్చి మా గుమ్మంలోనే పడేసి పోయాడు.
కొన్ని చుట్టగా చుట్టి పరుపు కిందికి తోశాం.
పెద్దదాన్ని జయంతమ్మ కొత్తింటి పెరట్లో
మోటారు స్టార్టరు పెట్టెకు కప్పి నులకతో కట్టింది,
కొండ బయటికి, రాత లోపలికి.

ఆ రాత్రే వాన.
కిటికీలోంచి టార్చి వేసి చూశాను.
మలుపంతా నీళ్ళు జారుతున్నాయి,
నాకు చేతకాని తీరులో.

తెల్లారి ఆమె పెట్టె మూత తీసి, వేలు పెట్టి చూసి,
"చుక్క లోపలికి పోలేదబ్బా" అనింది.
టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది.
వంటింటి కిటికీకి కొలత తీసుకోమని.